పాలపిట్టకి నేనే కన్ను

రోజు 1

కొత్తలంక సమస్త ప్రజానీకానికి ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ రోజు పదిన్నర గంటలకి కోర్టు మెట్ల మీద నా ఎడమ చెప్పు బొటనవేలి పట్టీ తెగి, ఆ చెప్పు కాలధర్మం చేసింది. దాని వయసు పదకొండేళ్ళు. కుడి చెప్పు తీవ్ర దుఃఖంలో ఉంది. పరామర్శకి వచ్చేవాళ్ళు దండలు తేవద్దు, ఒక మేకు తెస్తే చాలు.

రెండో వార్త చిన్నది. కోర్టు నాకు శిక్ష వేసింది.

నేను వెళ్ళింది తిట్లు తినడానికి. గట్టిగా తిడతారు, ఓ నెల గట్టుకి మట్టి మొయ్యమంటారు అనుకున్నాను. క్షమాపణ కూడా బట్టీ పట్టాను. మధ్యలో ఎక్కడ ఏడవాలో గుర్తు పెట్టుకున్నాను. జడ్జిగారు అది విననే లేదు.

జరిగింది ఇదీ. సముద్రం పైకొచ్చాక మా ఊరికి మిగిలింది ఒక గట్టు రోడ్డు, ఒక బండి. బండి పేరు పాలపిట్ట. నీలం రంగు, ఆరు సీట్లు, నుదుటి మీద ఒకటే కన్ను. తోలేవాడు అక్కర్లేదు. దసరా నాడు ఊరంతా దానికి పూజ చేశారు. నేను వంతు రాగానే దోసెడు పసుపు ముద్ద తీసి, సరిగ్గా కంటి మీద పట్టించి, మధ్యలో అరచేతంత కుంకుమ బొట్టు పెట్టాను. నుదురనుకున్నాను. భక్తి. పాలపిట్టకి దారంతా పచ్చగా, ఖాళీగా కనబడిందట. సర్పంచ్‌ని ఎక్కించుకుని బయల్దేరి, గట్టు మీద ఎదురొస్తున్న పోస్టమ్మ వీరవేణక్కని గుద్దింది. కుడి కాలు రెండు చోట్ల విరిగి అక్క నీళ్ళలో పడింది. ఆ దెబ్బకి బండి కన్ను పగిలింది. నేను అరిచాను. మేళాల మోతలో ఎవరికీ వినపడలేదు.

ఇదే కోర్టులో చెప్పాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని అన్నారు:

"ఆవిడ నడక పోయింది. కాబట్టి ఇకమీదట ఆ బండే ఆవిడకి కాలు. బండి చూపు పోయింది. కాబట్టి నువ్వే దానికి కన్ను."

"కన్నంటే... ఏం చెయ్యాలండీ?"

"ముందు సీట్లో కూర్చుని, కనబడిందల్లా దానికి చెప్పాలి. పొద్దు పొడిచినప్పట్నించి పొద్దుగూకేదాకా."

"ఎన్నాళ్ళండీ?"

"తొంభయ్యో రోజున బండినే అడుగుతాను. కనబడుతోంది అంటే నువ్వు దిగిపో. కనబడటం లేదంటే ఉన్నన్నాళ్ళూ నువ్వే కన్ను."

బట్టీ పట్టిన క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది.

రోజు 2

పాలపిట్ట కన్ను పెరిగే గాజుతో చేసింది. దెబ్బతింటే మళ్ళీ మొలుస్తుంది, ఎప్పుడు మొలుస్తుందో దానికే తెలియాలి. మనకి తలనొప్పి తగ్గిందో లేదో మనమే చెప్పినట్టు. గట్టు అంచు దాని చక్రాలకి తెలుస్తుంది. అడ్డొచ్చేవే తెలియవు.

పొద్దున్నే ముందు సీట్లో కూర్చున్నాను. బెల్టు వచ్చి పొట్ట మీంచి పడి టక్కుమంది. మధ్యాహ్నం అన్నానికి అరగంట ఊడుతుంది. ఊడితే మాత్రం ఎక్కడికి పోతాను? అటు నీళ్ళు, ఇటు నీళ్ళు. ఆ అరగంటలోనే ఇది రాస్తున్నాను. నా సోడా కొట్టులో మిగిలిపోయిన నోటుబుక్కు. నేను చదివింది నాలుగో తరగతి, అక్షరాలు బాతుల్లా అటూ ఇటూ పోతున్నాయి.

"ఎదురుగా గేది. నడుస్తోంది. కాదు, నించుంది. మన వైపే చూస్తోంది."

"కోపంగానాండీ?" అంది పాలపిట్ట. అది ఈ ఊళ్ళోనే పెరిగింది, మా మాటే మాట్లాడుతుంది.

"నీకంటే అందంగా ఉన్నానని గర్వంగా."

వెనక సీట్లో వీరవేణక్క కట్టు కట్టిన కాలు బారుగా చాపుకుని కూర్చుంది, ఒళ్ళో ఉత్తరాల సంచి. టవర్లన్నీ మునిగిపోయాక మా గట్టుకి మళ్ళీ ఉత్తరాలే దిక్కు. కిటికీలోంచి ఉత్తరాలూ మందులూ అందిస్తుంది. అందరితో మాట్లాడుతుంది. నాతో ఒక్క ముక్క లేదు.

రోజు 6

తప్పు చేశాను. ఒప్పుకుంటున్నాను.

ఐదు రోజులుగా గేదె, బాతు, సైకిలు, గేదె. విసుగెత్తి నోరు ఊరుకోలేదు. "అమ్మో! ఏనుగు!" అన్నాను.

పాలపిట్ట ఉన్నచోటే కూలబడినట్టు ఆగింది. అక్క కాలు వెళ్ళి ముందు సీటుకి తగిలింది. అక్క అరిచిన అరుపుకి కాలవలో కొంగలన్నీ లేచిపోయాయి. ఆ తర్వాత ఐదు రోజుల మౌనం తెగింది.

"నీ నోట్లో నా చెప్పెట్టా! కాలిరగ్గొట్టింది చాల్లేదేంట్రా, దాన్ని పిండి చేద్దావనా? ఇంకోసారి లేనిదుందని చెప్పేవంటే ఈ సంచి తాడుతో నీ నోరు కుట్టేస్తాను, వింటన్నావా?"

"వింటన్నానక్కా."

"అక్కేంటి అక్క. ఎవడికి అక్క."

కాసేపటికి పాలపిట్ట మెల్లగా అడిగింది. "ఏనుగేదండీ?"

"ఎల్లిపోయింది."

"ఎలాగండీ? అటూ ఇటూ నీళ్ళే కదండీ."

"ఎగిరి."

బండి మళ్ళీ కదిలింది. "అంటే, లేనిది ఉందని చెప్పొచ్చాండీ?"

"సరదాకి చెప్పొచ్చు."

"సరదా అంటే ఏంటండీ?"

"చెప్పినోడికి తెలిసుండాలి, విన్నోడికి తెలియకూడదు. అదే సరదా."

"ఆయ్," అంది పాలపిట్ట.

రోజు 19

మా ఆవిడ బుల్లెమ్మ మధ్యాహ్నం కేరేజీ తెచ్చింది. "పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళకి, పగలు నువ్వెక్కడుంటన్నావో నాకు తెలుస్తోంది. జడ్జిగారికి దణ్ణం పెట్టాలి," అని వంకాయ కూర నాకు పెట్టకుండా ముందు వీరవేణక్కకి పెట్టింది.

రోడ్డు మీద చెప్పడానికి ఏమీ లేనప్పుడు పాలపిట్ట ఊరుకోవడం లేదు. "ఇంకేం ఉందండీ?" అంటుంది. రోడ్డు అయిపోయింది కాబట్టి పైకి చూశాను. మబ్బుల గురించి చెప్పాను. ఒక మబ్బు అచ్చం మా సర్పంచ్ బొజ్జలా ఉందని చెప్పాను. కొంగలు బారుగా పోతుంటే అన్నప్రాసనకి వెళ్తున్నాయని చెప్పాను. వెనక నించి ముక్కుతో నవ్విన చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే అక్క కవర్లు సర్దుకుంటోంది.

గొంతు బొంగురుపోయింది. ఇంటికి వెళ్ళాక కూడా నోరు ఆగడం లేదు. "ఎదురుగా చెంబు. ఎడంవైపు బుల్లెమ్మ, కోపంగా ఉంది," అంటున్నాను. మంచం మీద పడుకున్నా పొట్ట మీద బెల్టు ఉన్నట్టే ఉంటోంది.

రోజు 47

ఈ రోజు జరిగింది జాగ్రత్తగా రాయాలి.

రెల్లుగడ్డి పూత వల్ల నాకు తుమ్ములు పట్టుకున్నాయి. వరసగా మూడు. తుమ్మేటప్పుడు ఎవడికైనా కళ్ళు మూతపడతాయి. నేనేమీ చెప్పలేదు, చెప్పడానికి నోరు ఖాళీ లేదు. కళ్ళు తెరిచేసరికి పాలపిట్ట ఆగి ఉంది. దాని మూతి ముందు, రెండు జానల దూరంలో, బాతుపిల్లలు బారు కట్టి గట్టు దాటుతున్నాయి.

"ఎందుకాగేవే?"

"మీరు తుమ్మేరు కదండీ."

నిజమే. మా ఊళ్ళో ఎవడైనా తుమ్మితే గుమ్మం దాటబోయేవాడు కూడా ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్తాడు. కానీ ముప్ఫయ్యో రోజున కూడా నేను రెండు సార్లు తుమ్మాను. అప్పుడు ఆగలేదు. అప్పుడు రోడ్డు మీద బాతులు లేవు.

దీనికి కనబడుతోంది.

రోజు 52

వీరవేణక్కతో చెప్పాను.

"కనబడతన్నాదా? అయితే కనబడతన్నాదని అదే చెప్పుద్ది కదా."

"అబద్ధమాడతందక్కా."

"బళ్ళు అబద్ధమాడవు. ఈ గట్టు మీద ఆడేవోడివి నువ్వొక్కడివే. కిందటేడు దసరాకి సర్పంచ్ గారి పంచెకి తోక కట్టింది బండా? బతికున్న సూరయ్యకి పెద్ద కర్మ కార్డులు పంచింది బండా? ఆ కార్డులు ఇంటింటికీ మోసింది నేనేరా."

బళ్ళ వైద్యుడు సుభాన్ గారు కన్ను తుడవడానికొస్తే ఆయనతోనూ చెప్పాను. ఆయన నూనె గుడ్డ భుజాన వేసుకుని కడుపారా నవ్వాడు.

"బుల్లబ్బాయ్, నువ్వు మారవయ్యా! ఈ మాట కోర్టులో మాత్రం అనకు. అబద్ధమాడిన బండిని ఏ ముక్కకాముక్క విప్పెయ్యాలని చట్టం ఉంది తెలుసా? బండి మాటే సాక్ష్యం కదా మరి. ఇప్పటిదాకా ఒక్కదాన్ని కూడా విప్పలేదనుకో."

"ఎందుకని?"

"అబద్ధమాడిన బండే లేదు కాబట్టి."

పాలపిట్ట ఇదంతా వింటోంది. ఏమీ అనలేదు. మామూలుగా అయితే "ఆయ్" అనేది.

రోజు 63

రుజువు చెయ్యడానికి ఒకటే దారి. ఎవరైనా అడ్డొచ్చినప్పుడు నేను నోరు మూసుకుని కూర్చోవాలి. కనబడితే ఆగుతుంది, నేను దిగిపోతాను. కనబడకపోతే?

పొద్దున్న గీతగాడు ఏసోబు కల్లు కుండలతో సైకిలు మీద ఎదురయ్యాడు. ముప్ఫై అడుగులు. నోరు బిగించాను. ఇరవై. "సైకిల్! సైకిల్! ఆపు!" అని అరిచేశాను. మధ్యాహ్నం మేకపిల్ల వచ్చింది. మేకపిల్లే కదా అనుకున్నాను. దానికీ అరిచాను. సాయంత్రం గాలికి కొట్టుకొచ్చిన గోనెసంచి. అందులో ఎవరైనా ఉన్నారేమోనని దానికీ అరిచాను.

నాకు కావాల్సిన రుజువు రోజుకి పదిసార్లు ఎదురొచ్చి పక్కనించి వెళ్ళిపోతోంది. నోరు మూసుకోవడం ఒక్కటే పని. జీవితంలో నేను ఎప్పుడూ నేర్చుకోనిదీ అదే.

రోజు 71

"తొంభయ్యో రోజు తరవాత మీరు ఎల్లిపోతారాండీ?" అంది పాలపిట్ట.

"ఎగిరెల్లిపోతాను. ఆ ఏనుగులాగ."

"మరి ఆకాశం ఎవరు చెప్తారండీ?"

"నీకు కన్నొచ్చేక నువ్వే చూసుకో."

"నా కన్నుకి రోడ్డే కనబడుద్దండీ. ఆకాశం కనబడదు. అలాగే బిగించేరు."

వెనక్కి తిరిగి చూశాను. వీరవేణక్క కవర్లు సర్దడం ఆపేసి వింటోంది.

"కుడివైపు మబ్బు ఒకటి," అన్నాను. "చిన్నది. ఒక్కతే పోతోంది."

"ఎక్కడికండీ?"

"దానికీ తెలీదు."

రోజు 84

నాలుగు రోజుల క్రితం అక్క కాలికి కట్టు తీశారు. చేతికర్రతో నాలుగడుగులు వేస్తోంది. ఈ రోజు మధ్యాహ్నం గట్టు ఖాళీగా ఉంది. అక్క బండి దిగింది.

"బుల్లబ్బాయ్, బెల్టు పడ్డాక ఓ పని చెయ్. నేను వందడుగులు ముందుకెల్లి రోడ్డు మద్దిలో నించుంటాను. నువ్వు నోరెత్తకు."

"నీకు మతుండే మాట్లాడతన్నావా?"

"నీ మాట నమ్మి కాదు. ముప్ఫై రోజులుగా నీ గోల వినలేక. అది ఆగితే నువ్వు దిగుతావు, నా చెవులు బాగుపడతాయి."

"ఆగకపోతే?"

"ఎడం కాలు ఇంకా బానే ఉంది."

కుంటుకుంటూ వెళ్ళి నిలబడింది. మాకు వీపు చూపించి నిలబడింది. బండి మీదికి రావడం ఇంకోసారి చూడలేననుకుందేమో.

"ఎదురుగా ఏవన్నా ఉందాండీ?" అంది పాలపిట్ట.

నేను రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను. బండి కదిలింది. ఎనభై. అరవై. అక్క జడకి కట్టిన ఎర్ర రబ్బరు బ్యాండు కనబడింది. నలభై. ఇరవై అడుగులు ఉండగా నా చేతుల్ని తోసుకుని అరుపు వచ్చేసింది. "వీరవేణక్కా!" పాలపిట్ట ఆగింది.

అక్క తిరిగి వచ్చి తలుపు తీసి, కర్రతో నా భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఒక్క నిమిషం నోరు మూసుకోలేవేంట్రా సచ్చినోడా! ఇంక చావు ఇందులోనే!"

ఆ మాటంటూనే వెనక్కి వెళ్ళకుండా ముందు సీట్లో, నా పక్కన కూర్చుంది. కాసేపటికి మామూలు గొంతుతో అడిగింది.

"ఆ దసరా రోజు కూడా ఇంత గట్టిగానే అరిచేవా?"

"అరిచేనక్కా."

"నాకు వినపళ్ళేదు."

"మేళాలు కదక్కా."

ఆవిడ నావైపు చాలాసేపు చూసింది. నేను రోడ్డు చూశాను. అదే కదా నా పని.

రోజు 90

వాయిదా. పాలపిట్టని కోర్టు ఆవరణలో నిలబెట్టారు. జడ్జిగారు కిందికి దిగివచ్చి దాని కంటి ముందు నిలబడ్డారు. కన్ను అద్దంలా మెరుస్తోంది.

"పాలపిట్టా, నీకు కనబడుతోందా?"

"లేదండీ."

గుమస్తా రాసుకున్నాడు. జడ్జిగారు నావైపు తిరిగారు.

"బండి అబద్ధమాడుతోందని ఊరంతా చెబుతున్నావట. రుజువేమైనా ఉందా?"

నేను పాలపిట్టని చూశాను. సుభాన్ గారు బళ్ళు విప్పే తన పానాల పెట్టె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఏ కేసుకి వచ్చినా ఆ పెట్టె ఆయన చేతిలోనే ఉంటుంది.

"లేదండీ. సరదాకన్నాను," అన్నాను.

కోర్టంతా నవ్వింది. నా మాటకి ఇంతమంది ఒకేసారి నవ్వడం ఇదే మొదటిసారి.

వీరవేణక్కని అడిగారు. "నేను పరీక్ష చేసేనండీ. ఇతను అరిస్తేనే ఆగింది. నా చెవులారా అరుపు విన్నాను," అంది. అక్క అబద్ధం ఆడదు. విన్నదే చెప్పింది.

తీర్పు చదివారు. ఉన్నన్నాళ్ళూ నేనే కన్ను. సీటు మీద నా పేరు రాయిస్తారట, పెయింటుతో.

బయటికి వచ్చి కూర్చున్నాను. బెల్టు పడి టక్కుమంది.

"పైన ఏం ఉందండీ?" అంది పాలపిట్ట.

రోజు 91

వీరవేణక్కా, ఇది నీకు. ఈ పుస్తకం నువ్వు దిగేటప్పుడు నీ సంచిలో వేస్తాను. పైన చిరునామా రాయలేదు. ఇందులో నేను కల్పించినవి ఏవో చెబుతున్నాను.

ఏనుగు లేదు. అది నీకూ తెలుసు.

బుల్లెమ్మ నన్ను తిట్టినవి ఇంకా చాలా ఉన్నాయి, తగ్గించి రాశాను.

పసుపు భక్తితో పెట్టలేదు. అది కన్ను అని నాకు తెలుసు. సర్పంచ్ లోపల కూర్చున్నాడు కదా, కంటికి గంతలు కడితే బండి ఎలా తడబడుతుందో, ఆయన ఎలా కేకలు పెడతాడో చూద్దామని పెట్టాను.

ఆ రోజు నేను అరవలేదు. నువ్వు రావడం చూశాను. సంచి భుజం మార్చుకోవడం కూడా చూశాను. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. నవ్వు ఆగేసరికి నువ్వు నీళ్ళలో ఉన్నావు. అప్పుడు మేళాలు కూడా లేవు. మేళగాళ్ళు అన్నాలకి వెళ్ళారు.

ఎనభై నాలుగో రోజున అరుపు వల్ల పాలపిట్ట ఆగలేదు. నలభై అడుగులప్పుడే ఆగింది, తనంతట తనే, చప్పుడు చెయ్యకుండా. నువ్వు అటు తిరిగి ఉన్నావు. నా నోటి మీద చేతులు అలాగే ఉన్నాయి. దిగిపోవచ్చు అనుకున్నాను. తర్వాత పానాల పెట్టె గుర్తొచ్చింది. దానికి అబద్ధం నేర్పింది నేను. అప్పుడు అరిచాను, నీకు వినపడాలని.

కోర్టులో సరదాకన్నానని చెప్పింది కూడా అబద్ధమే.

ఈ పుస్తకం కోర్టులో ఇస్తే నేను దిగిపోతాను, దాన్ని విప్పేస్తారు. ఇవ్వకపోతే రేపు పొద్దున్న ముందు సీట్లో ఉంటాను. నీ ఇష్టం. విరిగింది నీ కాలు.

మిగతాదంతా జరిగిందే. మబ్బు ఒక్కతే పోవడం జరిగింది. చెప్పు తెగడం కూడా నిజమే. ఇంకా కుట్టించలేదు. ఇంతవరకూ అవసరం పడలేదు.